అరసవల్లి శ్లోకంలో అగస్త్యుడు, పంచాంగంలో అగస్త్యుడు, జావాలో అగస్త్యుడు: అందరూ ఒక్కరేనా?

నాగావళి గట్టు (శ్రీకాకుళం)

అందరికీ నమస్కారం. ఆదివారం అరసవల్లి వెళ్తే ఆదిత్య హృదయం వినకుండా రాలేం కదా. అందులో రెండో శ్లోకంలోనే "ఉపాగమ్యాబ్రవీద్రామం అగస్త్యో భగవాన్ ఋషిః" అని వస్తుంది. మా అబ్బాయి ఇంటర్ చదువుతున్నాడు. పంచాంగంలో "అగస్త్యోదయం" అన్న మాట చూసి, "రాముడికి స్తోత్రం చెప్పిన ఋషి ఉదయించడమేంటి నాన్నా?" అని అడిగాడు. అది నక్షత్రం పేరని చెప్పాను. వెంటనే ఇంకో ప్రశ్న వేశాడు: "అయితే తమిళానికి వ్యాకరణం రాశాడంటారే, ఆ అగస్త్యుడు ఎవరు? జావాలో ఆయన విగ్రహాలున్నాయట, అవి ఎవరివి?"

పేరు ఒక్కటే. ఆకాశంలో ఉంది, కావ్యంలో ఉంది, శాసనాల్లోనూ ఉందంటున్నారు. మూడింటికీ సంబంధం ఎంత, ఎక్కడ విడదీసి చూడాలి? ఖగోళం తెలిసినవాళ్లూ సంస్కృతం తెలిసినవాళ్లూ చరిత్ర చదివినవాళ్లూ ఇక్కడ ఉన్నారు గనక అడుగుతున్నాను.

బొబ్బిలి చుక్కలు

ముందు ఆకాశం సంగతి చెప్పేస్తాను, అదే అన్నింటికంటే తేలిక. మనవాళ్లు అగస్త్య నక్షత్రం అన్నదే ఇంగ్లీషు పుస్తకాల్లో కనోపస్. రాత్రి ఆకాశంలో సిరియస్ తర్వాత అత్యంత ప్రకాశవంతమైన నక్షత్రం ఇది. ప్రకాశ పరిమాణం మైనస్ 0.74 (ఈ అంకె ఎంత తగ్గితే అంత ప్రకాశం). దూరం సుమారు 310 కాంతి సంవత్సరాలు. సూర్యుడి కంటే పది వేల రెట్లకు పైగా కాంతి ఇస్తుంది కాబట్టే అంత దూరం నుంచి కూడా అలా మెరుస్తుంది.

చూడాలంటే చలికాలం మంచిది. వరసగా మూడు చుక్కలుండే గొల్లకావడి కనిపెట్టండి, దాని కింద తెల్లగా మండే సిరియస్ ఉంటుంది. అక్కడి నుంచి తిన్నగా దక్షిణానికి 36 డిగ్రీలు దిగితే అగస్త్యుడే. డిసెంబరు చివర అర్ధరాత్రికి నడినెత్తి రేఖ (నడినెత్తి మీదుగా ఉత్తరం నుంచి దక్షిణానికి ఊహించే గీత) మీదికి వస్తుంది. ఫిబ్రవరి రెండో వారానికి రాత్రి 9 గంటలకే వచ్చేస్తుంది. మన జిల్లాల నుంచి మహా అయితే 19 డిగ్రీల ఎత్తుకు లేస్తుంది, అంతకు మించదు. అందుకే ఊళ్లో డాబాల మధ్య నుంచి చూసేవాళ్లకు చాలామందికి ఇది కనబడదు.

అబ్బాయి అడిగిన "ఉదయం" మామూలుగా రోజూ జరిగే ఉదయం కాదు. మే మధ్య నుంచి ఆగస్టు మధ్య వరకు ఈ నక్షత్రం సూర్యుడి వెలుగులో కలిసిపోయి మనకు కనపడదు. ఆ తర్వాత ఒక రోజు తెల్లవారుజామున, సూర్యుడు రావడానికి కాస్త ముందు, దక్షిణ ఆగ్నేయంలో మళ్లీ మొదటిసారి కనిపిస్తుంది. పంచాంగం చెప్పేది ఆ రోజు గురించి.

కోట వీధి మాస్టారు (విజయనగరం)

బొబ్బిలివారు చెప్పిన ఆ ఉదయమే సాహిత్యంలోకి తలుపు. కాళిదాసు రఘువంశం నాలుగో సర్గలో రఘువు దండయాత్రకు బయలుదేరే ముందు శరత్తు వస్తుంది. "ప్రససాదోదయాదంభః కుంభయోనేర్మహౌజసః" అంటాడు. కుంభయోని, అంటే కుండలో పుట్టిన అగస్త్యుడు, ఉదయించగానే నీళ్లు తేటపడ్డాయట. వానాకాలం వరద నీరు బురదగా ఉంటుంది, శరత్తులో తేరుకుంటుంది. ఆ తేరుకునే వేళకే అగస్త్య నక్షత్రం తెల్లవారుజామున మళ్లీ కనబడుతుంది. నాగావళి, వంశధార గట్లమీద పెరిగినవాళ్లకి ఈ శ్లోకానికి వ్యాఖ్యానం అక్కర్లేదు. భాద్రపదం దాటాక ఏటి నీళ్ల రంగు చూస్తే చాలు.

ఇక ఋషి అగస్త్యుడి కథలు తెలుగువాడికి ఎన్ని వైపుల నుంచి వస్తాయో చూడండి. సముద్రాన్ని పుడిసిట పట్టి తాగేశాడు. మేకగా మారి కడుపులోకి వెళ్లిన వాతాపిని "జీర్ణం" అని అరిగించుకున్నాడు. నహుషుణ్ణి పాముగా పడేశాడు. గజేంద్రమోక్షంలో ఆ ఏనుగు పూర్వజన్మలో ఇంద్రద్యుమ్నుడనే రాజు, అతణ్ణి ఏనుగువై పుట్టమని శపించింది అగస్త్యుడే. మన ఇళ్లల్లో పిల్లలకు పోతన పద్యాలు నేర్పుతాం గానీ ఈ శాపం సంగతి చాలామంది చెప్పరు.

నాకు వీటన్నింటికంటే ఇష్టమైనది శ్రీనాథుడి కాశీఖండంలో అగస్త్యుడు. వింధ్య పర్వతం సూర్యుడి దారికి అడ్డంగా పెరిగిపోతే, దాన్ని వంచడానికి దేవతలు వచ్చి ఈయన్ని అడుగుతారు. పని చేయాలంటే కాశీ వదిలి వెళ్లాలి. వెళ్తే తిరిగి రాలేడు, ఎందుకంటే తాను తిరిగొచ్చేదాకా వంగే ఉండమని వింధ్యకు చెప్పాలి. సముద్రం తాగినవాడు ఊరు వదల్లేక కుమిలిపోతాడు. మహిమలు చేసే ఋషి అక్కడ మనలాంటి మనిషవుతాడు. పని కోసం ఉన్న ఊరు వదిలిన ఉత్తరాంధ్రవాళ్లు ఆ ఘట్టం చదివితే గొంతు పట్టేస్తుంది.

పాలకొండ రవ్వలు

మాస్టారూ, చాలా బాగా చెప్పారు. నాకో సందేహం, సందేహం కంటే నమ్మకమే అనండి. అగస్త్య నక్షత్రం ఉత్తరాదిలో కనబడదు, వింధ్య దాటి దక్షిణానికి వస్తేనే కనిపిస్తుంది అని ఒక వీడియోలో విన్నాను. అంటే అగస్త్యుడు వింధ్య దాటి వచ్చి, ఇక్కడ ఆ నక్షత్రాన్ని మొదట చూశాడు, అందుకే దానికి ఆయన పేరు పెట్టారు. భూమి అక్షం కదలికను బట్టి లెక్క కడితే ఆయన వచ్చిన సంవత్సరం కూడా చెప్పొచ్చట, ఏడు వేల ఏళ్ల క్రితం అన్నారు. ఇదైతే ఖగోళమే చరిత్రకు సాక్ష్యం కదా?

బొబ్బిలి చుక్కలు

రవ్వలు గారూ, లెక్క కట్టే చూద్దాం, పెద్ద కష్టం కాదు. ఒక ఊరి అక్షాంశాన్నీ నక్షత్రం దక్షిణ క్రాంతినీ (ఖగోళ మధ్యరేఖకు అది ఎన్ని డిగ్రీలు దక్షిణాన ఉందో ఆ అంకెను) కలిపి 90 నుంచి తీసేస్తే, అక్కడ ఆ నక్షత్రం ఎంత ఎత్తుకు లేస్తుందో వస్తుంది. అగస్త్యుడి క్రాంతి ఇప్పుడు దక్షిణం 52.7. కాశీ అక్షాంశం 25.3. అంటే కాశీలో 12 డిగ్రీల ఎత్తున చక్కగా కనబడుతుంది. ఢిల్లీలో దాదాపు 9. శ్రీనగర్‌లో కూడా దిగంతం మీద 3 డిగ్రీలు లేస్తుంది. కాబట్టి వింధ్యకు అటువైపు కనబడదన్న మాట ఈనాటికి చెల్లదు.

ఏడు వేల ఏళ్ల క్రితం? భూమి అక్షం బొంగరంలా దాదాపు 26,000 ఏళ్లకు ఒక చుట్టు తిరుగుతుంది. ఆ లెక్కన అప్పట్లో ఈ నక్షత్రం ఇప్పటికంటే ఏడెనిమిది డిగ్రీలు ఇంకా దక్షిణంగా ఉండేది. అయినా వింధ్య దగ్గర నిలబడినవాడికి ఆరు డిగ్రీల ఎత్తున, కాశీలో నాలుగు డిగ్రీల ఎత్తున కనిపించాలి. ఇంకా వెనక్కి, పన్నెండు వేల ఏళ్ల కిందటికి వెళ్తే కాశీలో అసలు కనబడదు, కన్యాకుమారిలో మాత్రం కనబడుతుంది. అంటే ఈ నక్షత్రం వేల ఏళ్లపాటు మెల్లగా ఉత్తరానికి జరుగుతూ ఒక్కో ఊరికీ కనబడుతూ వచ్చింది. "ఈ ఏడాది వింధ్య దగ్గర తొలిసారి కనబడింది" అని గీత గీయగలిగేది కాదు. దిగంతం దగ్గర దుమ్ము, మంచు కలిపితే ఆ గీత ఇంకా చెరిగిపోతుంది.

అలాగని కథకూ ఆకాశానికీ సంబంధం లేదనను. దక్షిణానికి వెళ్లి తిరిగిరాని ఋషి, దక్షిణాన నేలకు దగ్గరగా తిరిగే నక్షత్రం. ఆ పోలిక చూసే పేరు నిలిచింది, అందులో నాకు అనుమానం లేదు. ఆ పోలిక నుంచి సంవత్సరం పిండాలని చూడటమే తప్పు.

ముఖలింగం రాళ్లు

చరిత్ర విద్యార్థినిగా నా వంతు. నా మాట సూటిగా చెప్తాను: అగస్త్యుడనే మనిషి ఎప్పుడు, ఎక్కడ పుట్టాడు అన్నదానికి చరిత్ర దగ్గర జవాబు లేదు. కానీ ఆ పేరును ఎవరు, ఎప్పుడు, ఎందుకు వాడుకున్నారు అంటే మాత్రం చరిత్ర దగ్గర బోలెడంత ఉంది. పేరుకు చరిత్ర ఉంది, అది వ్యక్తి చరిత్ర కాదు. ఈ రెండూ కలిపేస్తేనే గొడవలన్నీ.

అన్నింటికంటే పాతది ఋగ్వేదం. మొదటి మండలంలో అగస్త్యుడి సూక్తాలున్నాయి, 179వ సూక్తం ఆయనకూ భార్య లోపాముద్రకూ మధ్య సంభాషణ. వింధ్యను వంచడం, దక్షిణానికి వలస వెళ్లడం అక్కడ లేవు. అవి ఇతిహాస పురాణాల్లో వచ్చి చేరాయి. తమిళం సంగతీ అంతే. తమిళంలో మనకు దొరికిన పాత వ్యాకరణం తొల్కాప్పియం, దాని మూలంలో అగస్త్యుడి ప్రస్తావన లేదు. ఆయన తమిళ వ్యాకరణానికి ఆదిగురువు, అగత్తియం అనే పుస్తకం రాశాడు, అది పోయింది అన్న సంప్రదాయం తర్వాతి వ్యాఖ్యానాల్లో కనబడుతుంది.

ఇప్పుడు మాస్టారు చెప్పిన వాతాపి కథ తీసుకోండి. కథలో వాతాపి రాక్షసుడు. చరిత్రలో వాతాపి అంటే కర్ణాటకలో నేటి బాదామి, చాళుక్యుల రాజధాని, రెండో పులకేశి ఊరు. సుమారు 642లో పల్లవరాజు మొదటి నరసింహవర్మ ఆ ఊరిని పట్టుకున్నాడు. ఆ తర్వాత పల్లవుల రాగి శాసనాలు ఏమన్నాయో తెలుసా? వాతాపిని నాశనం చేసిన అగస్త్యుడితో సమానుడు మా నరసింహవర్మ అన్నాయి. శాసనం రాసిన కవికి రాక్షసుడి పేరూ శత్రువు రాజధాని పేరూ ఒక్కటి కావడం దొరికిన అదృష్టం. ఒక యుద్ధం అలా పురాణమైపోయింది. నాగావళి గట్టుగారి అబ్బాయికి ఇది తప్పకుండా చెప్పండి. ఒకే పేరు మీద సాహిత్యం, చరిత్ర ఎక్కడ కలుసుకున్నాయో వేలుపెట్టి చూపించగలిగిన చోటు ఇది.

జావా గురించి. తూర్పు జావాలో దినోయో అనే చోట శక సంవత్సరం 682, అంటే 760 నాటి సంస్కృత శాసనం ఉంది. గజయానుడనే రాజు, పాతబడిన దేవదారు చెక్క అగస్త్య విగ్రహం తీసేసి నల్లరాతి విగ్రహం చేయించాడని అందులో ఉంది. చెక్కది పాతబడిందంటే ఆ పూజ అప్పటికే తరాలుగా నడుస్తోందన్నమాట. తొమ్మిదో శతాబ్దపు ప్రంబనన్ శివాలయంలో దక్షిణపు గది అగస్త్యుడిది. ఈనాటికీ విగ్రహం అక్కడే ఉంది.

కళింగపట్నం లైట్‌హౌస్

మేడమ్, అయితే ఆ విగ్రహం అక్కడికి మనవాళ్లే తీసుకెళ్లి ఉంటారు కదా! కళింగ ఓడలు తూర్పు దీవులకు వెళ్లేవని చిన్నప్పటి నుంచీ వింటున్నాం. శాలిహుండం బౌద్ధులూ, వంశధార మొగ మన ఊరు దగ్గరే.

ఇంకో సంగతి. మా తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి వాలుగా ఉంటుంది, సముద్రం మాకు ఆగ్నేయంగా. జనవరి రాత్రి ఇక్కడ ఇసుకలో నిలబడితే అగస్త్యుడు నీళ్లలోంచే లేస్తాడు. దక్షిణాన పైకెక్కుతాడు, మళ్లీ నీళ్ల వైపే దిగుతాడు. సముద్రం తాగిన ఋషి అని ఈ నక్షత్రానికే ఎందుకన్నారో మా ఊళ్లో నిలబడితే ఎవరూ చెప్పక్కర్లేకుండా తెలుస్తుంది.

ముఖలింగం రాళ్లు

లైట్‌హౌస్ తమ్ముడూ, నీ రెండో మాట నాకెంతో నచ్చింది. మొదటి మాట దగ్గర మాత్రం ఆగాలి. కళింగ రేవుల నుంచి తూర్పుకు ఓడలు నడిచాయి, నిజమే. కానీ దినోయో శాసనం కళింగ పేరెత్తదు. అగస్త్యుడు తమిళదేశం నుంచి వెళ్లాడనేవాళ్లూ ఉన్నారు. రాతి మీద ఉన్నంతవరకే మనం చదవాలి. మన జిల్లా మీద ప్రేమ ఉన్నవాళ్లు ముందుగా పాటించాల్సింది ఇదే. లేకపోతే మన నిజమైన చరిత్రను కూడా ఎవరూ నమ్మరు.

సుహైల్, ఆమదాలవలస

సలాం, నమస్తే. ఈ చర్చలో నా పేరు కూడా ఉందని చెప్పడానికి వచ్చాను. అరబ్బీలో ఈ నక్షత్రాన్నే సుహైల్ అంటారు. ఎడారిలోనూ సముద్రం మీదా దక్షిణపు దిక్కు చూపేది కాబట్టి వాళ్లకు ఎంతో ముఖ్యమైనది. అరబ్బు దేశాల్లో ఆగస్టు చివర సుహైల్ మళ్లీ కనబడిందంటే వేడి తగ్గుముఖం పట్టినట్టే. అంటే కాళిదాసు చెప్పిన కబురులాంటిదే అక్కడా చెప్తుంది. మనకు నీళ్లు తేటపడతాయి, వాళ్లకు ఎండ చల్లబడుతుంది.

కనోపస్ పేరు వెనక కూడా ఇలాంటి గుట్టే ఉంది. గ్రీకు కథల్లో ట్రాయ్ యుద్ధం నుంచి తిరిగొస్తున్న మెనెలాస్ ఓడకు చుక్కాని పట్టినవాడు కనోపస్. ఈజిప్టు తీరంలో పాము కరిచి చనిపోయాడంటారు. అలెగ్జాండ్రియా దగ్గర కనోపస్ అనే ఊరు నిజంగా ఉండేది. క్రీ.పూ. 238లో అక్కడ ఈజిప్టు రాజు మూడో టాలెమీ కాలంలో పూజారులు సమావేశమై శాసనం వెలువరించారు, నాలుగేళ్లకోసారి ఏడాదికి ఒక రోజు కలపాలన్న మాట అందులో ఉంది. ఇక మమ్మీల అవయవాలు దాచే కుండలను కనోపిక్ జాడీలు అంటారు. నక్షత్రం, ఓడవాడు, ఊరు, కుండ: అన్నీ ఒకే పేరు.

ఇక్కడే నాకు ఒళ్లు జలదరించింది. అక్కడ కనోపస్ కుండ. ఇక్కడ అగస్త్యుడు కుంభసంభవుడు, కుండలోనే పుట్టాడు!

పాలకొండ రవ్వలు

సుహైల్ అన్నా, అదిరిపోయింది. ఇది కాకతాళీయం ఎలా అవుతుంది?

ముఖలింగం రాళ్లు

అవుతుంది. ఆ జాడీలకు ఆ పేరు ఈజిప్టువాళ్లు పెట్టింది కాదు. కనోపస్ ఊళ్లో ఒసైరిస్ దేవుణ్ణి మనిషి తల ఉన్న కుండ రూపంలో కొలిచేవారు. చాలా కాలం తర్వాత యూరప్ పండితులు సమాధుల్లో తలల మూతలున్న జాడీలు చూసి, ఆ కుండ దేవుడితో ముడిపెట్టి కనోపిక్ అన్నారు. ఇటు అగస్త్యుడి కుండ కథకు మూలం ఋగ్వేదం ఏడో మండలంలోనే ఉంది, మిత్రావరుణుల కుంభం. రెండు కుండలూ రెండు దేశాల్లో వేర్వేరు కారణాలతో ఈ పేరు దగ్గరికి చేరాయి. సుహైల్ గారు చెప్పిన మిగతా సంగతి మాత్రం బంగారం. పేరు ఓడవాడి నుంచి ఊరికి, ఊరి నుంచి కుండకు ఎలా పాకిందో అది చెప్తుంది.

కోట వీధి మాస్టారు

మేడమ్ అన్నదానికి ఒక్క మాట చేరుస్తాను. మన పూర్వులు కథనూ లెక్కనూ కలిపేశారని చాలామంది అనుకుంటారు. వరాహమిహిరుడి బృహత్సంహితలో అగస్త్యచారం అనే అధ్యాయమే ఉంది. మొదట ఋషి మహిమ, సముద్రం తాగిన కథ, శరత్తు వర్ణన, అన్నీ మంచి కవిత్వం. ఆ తర్వాత ఉదయం ఎప్పుడన్న ప్రశ్న రాగానే గొంతు మారిపోతుంది: ప్రతి దేశానికీ విడివిడిగా గణించి చెప్పాలి అంటాడు. ఉజ్జయినిలో అయితే సూర్యుడు కన్యారాశికి ఇంకా ఏడు భాగల (డిగ్రీల) దూరంలో ఉన్నప్పుడు అని చెప్తాడు. కథ అందరికీ ఒకటే, ఉదయం మాత్రం ఊరికో తేదీ. ఆరో శతాబ్దంలో ఆయనకు ఉన్న ఈ తేడా మనకూ ఉండాలి.

ఇంకో కథ కూడా అబ్బాయికి చెప్పండి నాగావళి గారూ. శివపార్వతుల పెళ్లికి అందరూ హిమాలయానికి చేరితే ఉత్తరం బరువెక్కి భూమి ఒరిగిపోయిందట. శివుడు అగస్త్యుణ్ణి దక్షిణానికి పంపి సమం చేశాడట. అందుకే ఉత్తరాన ధ్రువుడు, సప్తర్షులు, దక్షిణాన ఈయన ఒక్కడు.

టెక్కలి వంతెన

మాస్టారి చివరి కథ చదివి కాగితం పెన్ను తీసుకున్నాను. బొబ్బిలి గారి సూత్రమే వాడాను. ధ్రువ నక్షత్రం ఎత్తు అంటే ఆ ఊరి అక్షాంశమే. అగస్త్యుడి ఎత్తు 90లోంచి అక్షాంశం, 52.7 తీసేస్తే వచ్చేది. ఈ రెండూ సమానం కావాలంటే అక్షాంశం 18.65 ఉండాలి.

మా టెక్కలి అక్షాంశం 18.6 పైచిలుకు!

అంటే మా ఊళ్లో నిలబడితే ఉత్తరాన ధ్రువుడూ దక్షిణాన అగస్త్యుడూ ఒకే ఎత్తులో ఉంటారు. తక్కెడ సరిగ్గా ఇక్కడ సమం. ఎవరైనా సరిచూసి చెప్పండి.

బొబ్బిలి చుక్కలు

సరిచూశాను, లెక్క సరిగ్గా ఉంది. చాలా మంచి సంగతి పట్టుకున్నారు. అదే అక్షాంశం మీద ఉన్న నిజామాబాద్‌కీ ఇది వర్తిస్తుంది గానీ, టెక్కలివాళ్ల హక్కు ఎక్కడికీ పోదు. బొబ్బిలిలోనూ శ్రీకాకుళంలోనూ తేడా ఒక డిగ్రీ లోపే.

అయితే ఇది ఈ కాలపు సంగతి. అక్షం జరుగుతూ ఉంటుంది కాబట్టి పురాణం రాసినవాళ్ల కాలంలో ఈ సమతూకం ఇక్కడ లేదు. ఆ మాటకొస్తే, నేటి ధ్రువ నక్షత్రం అప్పుడు ధ్రువస్థానానికి దగ్గరగా కూడా లేదు. కథకు రుజువుగా వాడకండి, ఆనందానికి వాడుకోండి.

ఈ నక్షత్రం మీద లెక్కలు కట్టింది మనమే కాదు. 1964లో బయలుదేరి 1965 జులైలో అంగారకుణ్ణి దాటిన మారినర్ 4 వ్యోమనౌక దారి తప్పకుండా సూర్యుణ్ణీ కనోపస్‌నీ చూసుకుంటూ వెళ్లింది. బాగా మెరుస్తుంది, ఆకాశంలో సూర్యుడి దారికి చాలా దూరంగా ఉంటుంది, అందుకని దాన్ని ఎంచుకున్నారు. గ్రీకు కథలో ఓడ నడిపినవాడి పేరున్న నక్షత్రం నిజంగానే ఓడ నడిపింది, అది మాత్రం ఎవరూ అనుకుని చేసింది కాదు.

నాగావళి గట్టు

అందరికీ ధన్యవాదాలు. మావాడు అన్నీ చదివాడు. వాడికి వాతాపి శాసనం, టెక్కలి లెక్క రెండూ పట్టుకున్నాయి. ఫిబ్రవరిలో టెక్కలి వెళ్లి కొలుద్దాం అంటున్నాడు. పరికరాలేమీ లేకుండా ఎత్తు కొలవొచ్చా?

బొబ్బిలి చుక్కలు

కొలవొచ్చు. చెయ్యి పూర్తిగా చాచి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు దాదాపు 10 డిగ్రీలు. దిగంతం నుంచి ఒకదాని మీద ఒకటి రెండు పిడికిళ్లు పెడితే రెండో పిడికిలి పై అంచుకు కాస్త కింద ఉండాలి, రెండు వైపులా. ఇంకా నిక్కచ్చిగా కావాలంటే బడిలో వాడే కోణమానినికి దారం కట్టి చిన్న రాయి వేలాడదీయండి, అడుగున ఉన్న తిన్నని అంచు వెంట నక్షత్రాన్ని చూడండి. ధ్రువ నక్షత్రం అసలు ధ్రువస్థానానికి 0.6 డిగ్రీల దూరంలో ఉంటుంది కాబట్టి ఆ మాత్రం తేడా వస్తే కంగారు పడకండి. అమావాస్యకు దగ్గరి రోజు చూసుకుని వెళ్లండి. ఉత్తరాన కొండలూ దక్షిణాన కొబ్బరిచెట్లూ అడ్డం లేని మైదానం ఎక్కడుందో టెక్కలి వంతెన గారే చెప్పాలి.

టెక్కలి వంతెన

ఊరి బయట నౌపడ వైపు ఉప్పుమళ్లు ఉన్నాయి. చెట్టూ కొండా దగ్గరలో ఏవీ లేవు. ఎనిమిదిన్నరకల్లా అక్కడ ఉంటే తొమ్మిదికి రెండు వైపులా కొలిచేయొచ్చు. కోణమానిని, దారం నేను తెస్తాను.